దుకాణం మీద ఇల్లు: బస్తీల పునర్నిర్మాణంలో మన మాట ఎక్కడ?



కిక్కిరిసిన ఆసియా నగరాలలో నివాసం, వ్యాపారం, వైద్యం, విద్య ఒకేచోట కలిసి ఉండే కట్టడాలను, వాడలను కలకాలం నిలిచేలా ఎలా నిర్మించుకోవాలన్నది ఈ సభలో మాకు అప్పగించిన అంశం. ఇది వాస్తుశిల్పుల వ్యవహారం, హక్కుల కోసం పనిచేసే మనకు ఇందులో పనేమిటన్న సందేహం కొందరికి కలగవచ్చు. అయితే ఒక బస్తీలో ఏమి కట్టాలన్నది నిర్ణయమైన రోజునే, ఆ బస్తీలో ఎవరుండాలన్నది కూడా నిర్ణయమైపోతుంది. మెట్రో మార్గం కోసమో, రోడ్డు విస్తరణ కోసమో, నదీతీర సుందరీకరణ కోసమో పటం గీసే బల్ల దగ్గర మనం లేకపోతే, ఆ తర్వాత పరిహారం క్యూలో నిలబడడం ఒక్కటే మనకు మిగులుతుంది. అందుకే ఈ విషయాన్ని మనం నేర్చుకోవాలి.

ఇంటినీ దుకాణాన్నీ కలిపి కట్టడాన్ని నేడు పట్టణ ప్రణాళికా నిపుణులు 'మిశ్రమ వినియోగం' అంటున్నారు. కొత్త ఆలోచనగా దీన్ని సదస్సులలో ప్రశంసిస్తున్నారు. మనకు ఇది కొత్త కాదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తి వేలాది ప్రాణాలను బలిగొన్న తర్వాత, నగరాన్ని తిరిగి తీర్చిదిద్దడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఆ బోర్డు హయాంలో రూపుదిద్దుకున్నదే నేటి పత్థర్‌గట్టి. కింద వరుసగా దుకాణాలు, వాటి ముందు ఎండావానా తగలకుండా నడిచేందుకు రాతి కమానుల వసారా, పైన నివాసాలు. బజారుకు వచ్చినవారికి నీడ, వ్యాపారికి గిరాకీ, పైనున్నవారికి వీధి మీద చూపు. ఈ మూడూ ఒకే కట్టడంలో అమరాయి. విపత్తు తర్వాతి పునర్నిర్మాణం కూడా జనజీవనాన్ని ఒక్కచోట నిలిపి ఉంచగలదనడానికి అది సాక్ష్యం.

ఇలాంటి వాడ పర్యావరణానికి ఎలా మేలు చేస్తుందో చూద్దాం. పనికి నడిచి వెళ్లగలిగినవాడికి పెట్రోలు అవసరం ఉండదు. బడి, మసీదు, దవాఖానా, కిరాణా దుకాణం అన్నీ పది నిమిషాల నడకలో ఉంటే వృద్ధులు ఎవరి మీదా ఆధారపడనక్కరలేదు. ఆనుకుని ఉన్న గోడల మీద ఎండ తక్కువగా పడుతుంది. మధ్యలో ఆంగన్, దాని చుట్టూ దాలాన్ ఉన్న పాత ఇళ్లలో వేడి గాలి పైకి పోయి చల్లగాలి లోనికి వచ్చే ఏర్పాటు ఉండేది. వీటన్నిటికంటే ముఖ్యమైనది మహిళల జీవనోపాధి. లాడ్‌బజార్‌లో అమ్ముడయ్యే లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గాజులు ఫ్యాక్టరీలలో తయారు కావు. చుట్టుపక్కల గల్లీలలోని చిన్న గదుల్లో, ఇళ్లలో తయారవుతాయి. జర్దోజీ పని కూడా అంతే. ఆ కుటుంబాన్ని ఇరవై కిలోమీటర్ల దూరంలో ఎంత చక్కని ఫ్లాటులోకి మార్చినా, ఇంటి ఖర్చు తగ్గదు, ఇంట్లోని మహిళ సంపాదన మాత్రం ఆగిపోతుంది.

ఇంతవరకు మన వాడల మేలును చెప్పుకున్నాం. ప్రాణాలు తీస్తున్న లోపాలను కూడా అంతే నిజాయితీగా చెప్పుకోవాలి.

2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో కింద విద్యుత్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు చెలరేగి ఎనిమిది మంది మరణించారు. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో కుటుంబాలు నివసించే అపార్టుమెంటు కింది అంతస్తులో నిల్వ చేసిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని కనీసం తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు. 2025 మే 18న తెల్లవారుజామున చార్మినారు దగ్గరి గుల్జార్ హౌజ్‌లో, కింద నగల దుకాణాలు, పైన నివాసం ఉన్న పాత భవనంలో ఒకే కుటుంబానికి చెందిన పదిహేడు మంది చనిపోయారు. వారిలో ఎనిమిది మంది చిన్నారులు. అది హిందూ కుటుంబం. పొగలోకి దూరి వారిని కాపాడడానికి మొదట ప్రయత్నించినవారిలో చుట్టుపక్కల ముస్లింలు ఉన్నారు. అగ్నికి మతం లేదు, పాతబస్తీలో పొరుగుతనానికీ లేదు. ఢాకా పాత నగరంలోనూ ఇదే కథ. 2010 జూన్‌లో నీమ్‌తలీలో నూట ఇరవైకి పైగా, 2019 ఫిబ్రవరిలో చౌక్‌బజార్ చూరిహట్టాలో డెబ్బైకి పైగా ప్రాణాలు పోయాయి. నివాసాల కింద దాచిన రసాయనాలే ఆ రెండు చోట్లా మంటలను ఉప్పెనలా మార్చాయి.

ఈ ఘటనల తర్వాత ప్రతిసారీ వినిపించే మాట ఒకటుంది. పాత బస్తీలు ఇరుకైనవి, ప్రమాదకరమైనవి, వాటిని ఖాళీ చేయించడమే పరిష్కారమని. ఈ వాదనను మనం అంగీకరించలేం. ప్రమాదాలను విడివిడిగా పరిశీలిస్తే వాటికి దారితీసినవి రెండు మూడు నిర్దిష్టమైన లోపాలని తెలుస్తుంది. నిప్పు అంటుకునే సరుకును నిద్రించే మనుషుల కింద నిల్వ చేయడం, పైనుంచి దిగడానికి ఒకే ఇరుకు మెట్ల దారి ఉండడం, ఆ దారి కూడా దుకాణం పక్కనుంచే సాగడం. గుల్జార్ హౌజ్ భవనంలోకి వెళ్లే దారి ఇరుకు, పైకి మెట్లు ఒక్కటే. మంటలు ఆ దారినే మూసేశాక లోపలివారికి గాలి అందలేదు. ఇల్లూ దుకాణమూ కలిసి ఉన్నందువల్ల వారు చనిపోలేదు. ఆ రెండింటి మధ్య ఉండవలసిన గోడ, తలుపు, రెండో దారి లేనందువల్ల చనిపోయారు.

మరొక విషయం గమనించాలి. మన రాష్ట్రంలో అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం ప్రధానంగా ఎత్తైన భవనాలకు వర్తించే నిబంధన. నివాస భవనమైతే 18 మీటర్లు, వాణిజ్య భవనమైతే 15 మీటర్లు దాటినప్పుడు అది తప్పనిసరి. గుల్జార్ హౌజ్ భవనం కింది అంతస్తు మీద రెండంతస్తులు మాత్రమే. మన బస్తీలలోని ఇళ్లలో చాలావరకు ఆ ఎత్తుకు లోబడినవే. అంటే అధిక సంఖ్యలో ప్రజలు నివసించే కట్టడాలే తనిఖీ వలలోంచి జారిపోతున్నాయి. చట్టం భవనం ఎత్తును కొలుస్తున్నది కానీ, కింద ఏ సరుకుందో, పైన ఎందరు నిద్రిస్తున్నారో కొలవడం లేదు. మనం మార్చమని కోరవలసింది ఈ కొలమానాన్ని.

ఇక పునర్నిర్మాణం విషయానికి వద్దాం. ముస్లిం వాడను ఇంత పెద్ద ఎత్తున తిరిగి కట్టే ప్రయత్నం మన దేశంలో ముంబయిలోని భేండీబజార్‌లో జరుగుతున్నది. అక్కడి పాత చాళ్లలో అద్దె నియంత్రణ చట్టం వల్ల దశాబ్దాల తరబడి అద్దెలు పెరగలేదు. అద్దె రాని యజమాని మరమ్మతు చేయలేదు. హక్కు లేని అద్దెదారు సొంత డబ్బు పెట్టలేదు. ఇలా ఎవరి తప్పూ కానట్టు అందరి కళ్లముందే భవనాలు కుంగిపోయాయి. 2017 ఆగస్టు 31న పాక్‌మోడియా వీధిలో నూరేళ్లు పైబడిన హుసైనీ భవనం కూలి ముప్పై ముగ్గురు మరణించారు. అది శిథిలమైనదని అధికారులు అంతకు ముందే ప్రకటించి ఉన్నారు. కొన్ని కుటుంబాలు తరలివెళ్లాయి, కొన్ని ఉండిపోయాయి. ప్రమాదమని తెలిసీ మనుషులు ఎందుకు ఉండిపోతారన్న ప్రశ్నకు జవాబు తెలియకుండా ఏ పునర్నిర్మాణ పథకమూ విజయవంతం కాదు. పని దగ్గర, బడి దగ్గర, బంధువులు దగ్గర. ఒకసారి ఖాళీ చేస్తే తిరిగి వస్తామన్న నమ్మకం మాత్రం లేదు.

దావూదీ బోహ్రా సమాజం ఏర్పరచిన ట్రస్టు 2009 నుంచి ఆ వాడలో సుమారు పదహారున్నర ఎకరాలను ఒకే సముదాయంగా పునర్నిర్మించే బాధ్యత తీసుకుంది. దాదాపు 250 భవనాలు, 3,200 కుటుంబాలు, 1,250 దుకాణాలు దాని పరిధిలోకి వస్తాయి. అందులో మనం నేర్చుకోదగినవి మూడున్నాయి. ఒక్కొక్క భవనాన్ని విడిగా కట్టకుండా వాడ మొత్తాన్ని ఒకటిగా తీసుకోవడం వల్ల రోడ్లు, మురుగునీటి పారుదల, బహిరంగ స్థలం సాధ్యమవుతాయి. అద్దెదారుకు కనీసం 350 చదరపు అడుగుల ఇంటిని సొంత హక్కుతో, ఉచితంగా ఇవ్వడమన్నది రెండోది. నిర్మాణం సాగినంతకాలం తాత్కాలిక వసతి కల్పించడం మూడోది. 2020 నాటికి తొలి రెండు టవర్లు పూర్తయి కుటుంబాలు వాటిలోకి చేరాయి. అదే సమయంలో కొందరు అద్దెదారులకు, భవన యజమానులకు అభ్యంతరాలున్నాయి, కోర్టు వ్యాజ్యాలూ నడిచాయి. సొంత సమాజం చేతులమీదుగా జరిగే పనిలో కూడా భిన్నాభిప్రాయానికి చోటుండాలి. ట్రస్టు మనదే కదా అని ప్రశ్నించడం మానుకోరాదు.

ముప్పై, నలభై అంతస్తుల టవరే అన్నింటికీ జవాబు అవుతుందా? లిఫ్టు ఆగిపోతే వృద్ధురాలు ఇంటికే బందీ అవుతుంది. లిఫ్టు, నీటి మోటార్లు, జనరేటరు నిర్వహణ ఖర్చు పదేళ్ల తర్వాత ఎవరు భరిస్తారన్నది మొదటి రోజే తేలకపోతే, ఉచితంగా వచ్చిన ఇంటిని పేదవాడు నెలవారీ రుసుము కట్టలేక అమ్ముకుంటాడు. గాలి విషయం కూడా చూడాలి. ముంబయిలో మురికివాడల పునరావాసం కోసం కట్టిన లల్లూభాయ్ కాంపౌండ్, నట్వర్ పారేఖ్ కాంపౌండ్ కాలనీలలో భవనాల మధ్య దూరం మూడు మీటర్ల దాకా కుంచించుకుపోయింది. వెలుతురూ గాలీ చొరని అక్కడి కింది అంతస్తులలో క్షయ వ్యాధి ఎక్కువగా ఉన్నట్టు వైద్యులు, ఇంజినీరింగ్ పరిశోధకులు కలిసి చేసిన అధ్యయనం 2018లో వెల్లడించింది. పక్కా ఇల్లు ఇచ్చామన్నంత మాత్రాన ఆరోగ్యం ఇచ్చినట్టు కాదు. కిటికీ ఎటు తెరుచుకుంటుందన్నది కూడా హక్కుల ప్రశ్నే.

ఇప్పుడు సింగపూర్ వైపు చూద్దాం. అక్కడ దాదాపు ఎనభై శాతం ప్రజలు ప్రభుత్వం కట్టిన ఫ్లాట్లలో నివసిస్తారు. కాంపుంగ్ అడ్మిరల్టీ అనే సముదాయం 2018లో ప్రపంచ వాస్తుశిల్ప ఉత్సవంలో ఆ ఏటి ఉత్తమ భవనంగా ఎంపికైంది. మలయ్ భాషలో కాంపుంగ్ అంటే పల్లె. రెండెకరాలకు కాస్త పైబడిన స్థలంలో, మెట్రో స్టేషను పక్కనే దాన్ని నిర్మించారు. కింద అందరికీ తెరిచి ఉండే నీడ మైదానం, దుకాణాలు, చౌక భోజనశాలల అంగడి. మధ్యలో వైద్య కేంద్రం. పైన తోటతోపాటు శిశు సంరక్షణ, వృద్ధుల సంరక్షణ కేంద్రాలు, వయోధికుల కోసం వందకు పైగా చిన్న ఇళ్లు. అవ్వాతాతలు, మనుమలు ఒకే తోటలో కలుసుకుంటారు. వైద్యునికోసం బస్సెక్కనవసరం లేదు. ఇది మన పత్థర్‌గట్టి సూత్రమే, ఒకదానిపై ఒకటిగా పేర్చినది. తేడా అల్లా అగ్నిభద్రత, పారుదల, చెట్లు, నడకదారి అన్నీ పటం దశలోనే ఆలోచించి కట్టారు.

సింగపూర్ నుంచే మనకు మరింత దగ్గరి ఉదాహరణ బెంకూలెన్ వీధిలోని మసీదు. పందొమ్మిదో శతాబ్దం నాటి ఆ వక్ఫ్ స్థలంలో పాత మసీదు స్థానంలో కొత్త మసీదును, దానితోపాటు వాణిజ్య అంతస్తులను, వందకు పైగా సర్వీసు అపార్టుమెంట్లను ఒకే సముదాయంగా నిర్మించి 2004లో పూర్తి చేశారు. అక్కడి ఇస్లామిక్ మత మండలి ముషారకా పద్ధతిలో బాండ్లు జారీ చేసి, ఈ పనికీ మరొక వాణిజ్య భవనం కొనుగోలుకూ కలిపి ఆరు కోట్ల సింగపూర్ డాలర్లు సమీకరించింది. వడ్డీ లేదు, లాభనష్టాలలో భాగస్వామ్యం మాత్రమే. నగరం నడిబొడ్డున ఉన్న ఆ స్థలం ధర్మకార్యాలకు ఆదాయ వనరైంది.

ఈ ఉదాహరణ మనలను ఆలోచింపజేయాలి. మసీదును ఆనుకుని దుకాణాలు కట్టి, వాటి అద్దెతో మసీదును, మదరసాను, పేదలను పోషించడం వక్ఫ్ సంప్రదాయంలో మొదటినుంచీ ఉన్నదే. మన పట్టణాలలోని ముల్గీలు అలా వచ్చినవే. కానీ ఎన్నో చోట్ల ఆ ముల్గీలు ఏనాటి అద్దెకో నామమాత్రంగా చెల్లుతున్నాయి. 2025 వక్ఫ్ సవరణ చట్టం మీద సుప్రీంకోర్టులో పోరాటం సాగుతున్నది. ఆ పోరాటం అవసరమే. దానితోపాటు మన చేతిలో మిగిలిన వక్ఫ్ స్థలాలలో ఏమి కట్టాలన్న ఆలోచన కూడా మనవద్ద సిద్ధంగా ఉండాలి. కింద దుకాణాలు, మధ్యలో దవాఖానా, గ్రంథాలయం, పైన వితంతువులకు, విద్యార్థినులకు వసతి. ఖాళీగా పడివున్న స్థలం ఆక్రమణకు పిలుపునిస్తుంది. మనుషులతో నిండిన కట్టడాన్ని ఆక్రమించడం అంత తేలిక కాదు.

సింగపూర్‌ను పొగడుతూ ఒక విషయాన్ని దాచడం న్యాయం కాదు. 1989 నుంచి అక్కడ ప్రతి బ్లాకులో, ప్రతి వాడలో ఏ జాతివారు ఎంత శాతం మించరాదో పరిమితులున్నాయి. అన్ని జాతులవారూ కలిసి బతకాలన్నది దాని ఉద్దేశం. ఆచరణలో మాత్రం, కోటా నిండిన చోట మలయ్, భారతీయ కుటుంబాలు తమ ఫ్లాటును కోటా నిండిన జాతివారికి అమ్ముకోలేకపోవడం వల్ల కొనేవారు దొరకక నష్టపోయిన సందర్భాలున్నాయి. కలిసి జీవించడం మంచిదే. దాని భారమంతా మైనారిటీల మీద పడడం మాత్రం సరికాదు. మన దేశంలో సమస్య మరో రూపంలో ఉంది. 2006 సచార్ కమిటీ నివేదిక, భద్రత గురించిన భయం వల్ల ముస్లింలు ఒకచోట గుమికూడి నివసించవలసి వస్తున్నదని, అలా గుమికూడిన వాడలను పురపాలక సంస్థలు తేలికగా నిర్లక్ష్యం చేస్తున్నాయని నమోదు చేసింది. కొత్త వాడల్లో పేరు చూసి అద్దెకివ్వరు. పాత వాడల్లో సౌకర్యాలివ్వరు. అందుకే మన కోరిక రెండువైపులా ఉండాలి. నగరంలో ఎక్కడైనా ఉండే హక్కు కావాలి, ఉన్నచోట గౌరవంగా ఉండే హక్కూ కావాలి.

అయితే మనం చేయవలసిందేమిటి? ఐదు విషయాలు మీ ముందుంచుతున్నాం.

మొదటిది, చట్టం తెలుసుకోవడం. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పట్టణంలో మూడేళ్లకు పైగా నివసిస్తున్న కుటుంబం, ఆ స్థలం మీద మూడేళ్లుగా ప్రధాన జీవనాధారం ఉన్న కుటుంబం, సొంత భూమి లేకపోయినా బాధిత కుటుంబమే. యజమానికి చెక్కు ఇచ్చి అద్దెదారుని, దుకాణంలో కూర్చునే చేతివృత్తిదారుని మరచిపోవడం ఆ చట్టం స్ఫూర్తికి విరుద్ధం. సామాజిక ప్రభావ అంచనా, బహిరంగ విచారణ అన్నవి అందులో ఉన్నాయి. రాష్ట్ర సవరణల పేరిట, పరస్పర ఒప్పందాల పేరిట వీటిని దాటవేయకుండా కాపు కాయాలి. పాతబస్తీ మెట్రో మార్గంలోనైనా, మూసీ ఒడ్డునైనా ప్రతి కుటుంబం తన కరెంటు బిల్లు, అద్దె రసీదు, ట్రేడ్ లైసెన్సు, ఆధార్ చిరునామా ఒక ఫైలులో సిద్ధంగా ఉంచుకోవాలి.

రెండోది, వీధి వ్యాపారులు. 2014 చట్టం ప్రకారం ఏర్పడే పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం స్థానాలు వ్యాపారుల ప్రతినిధులవి. వారిలో మూడింట ఒక వంతు మహిళలు ఉండాలి. మైనారిటీలకు తగిన ప్రాతినిధ్యం ఇవ్వాలని ఆ చట్టమే చెబుతున్నది. కొత్త వాడ పటంలో తోపుడుబండికి గీత లేకపోతే, ఆ పటం అసంపూర్ణమని చెప్పవలసింది ఆ కమిటీలోనే.

మూడోది, తిరిగి వచ్చే హక్కు. ఏ బస్తీని ఖాళీ చేయించినా అదే చోట, లేదా నడిచిపోగల దూరంలో, ఇల్లు ఎప్పటికి, ఎంత విస్తీర్ణంలో, ఎవరి పేరిట వస్తుందో ముందే రాతపూర్వకంగా ఉండాలి. పట్టాలో భార్య పేరు కూడా ఉండాలి. కొల్లూరులో 2023లో ప్రారంభించిన పదిహేను వేలకు పైగా డబుల్ బెడ్‌రూం ఇళ్ల వంటి కాలనీలు గూడులేనివారికి మేలే. కానీ చార్మినారు దగ్గర గాజులు చేసే చేతికి అవి సమాధానం కావు.

నాలుగోది, వేడి. 2023లో తెలంగాణ చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. నివాస భవనాలలో పెద్ద స్థలాల్లోని ఇళ్లకే అది తప్పనిసరి. చిన్న ఇళ్లవారు తమంతట తాము చేసుకోవాలి. రేకుల కప్పు కింద నివసించేవారికే వేడి ఎక్కువ. కాబట్టి మన సంఘాలు ఒక్కొక్క గల్లీని ఎంచుకుని వేసవికి ముందే కప్పులకు తెల్లని పూత వేయించే పనిని చేపట్టవచ్చు. ఖర్చు తక్కువ, ఫలితం ఆ రాత్రికే తెలుస్తుంది.

ఐదోది ప్రభుత్వం కోసం వేచి ఉండనవసరం లేనిది. ఈ వారమే మీ ఇంటి మెట్ల దారిలోని సామాను తీసేయండి. మెట్ల మొదట్లో స్కూటరు చార్జింగు పెట్టకండి. ఏసీలు పెరిగినప్పుడు పాత వైరింగును ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. కిందనున్న దుకాణదారు ఏమి నిల్వ చేస్తున్నాడో అడిగి తెలుసుకోండి. పక్కింటివారితో మాట్లాడి, మీ డాబా నుంచి వారి డాబాకు ఒక తలుపు, ఒక చిన్న నిచ్చెన పెట్టుకోండి. కిటికీలకు పూర్తిగా బిగించిన ఇనుప చట్రాలలో ఒకటైనా లోపలినుంచి తెరుచుకునేలా మార్పించండి. ఆనుకుని కట్టుకున్న మన ఇళ్లకు పొరుగువాడే రెండో మెట్ల దారి.

సోదర సోదరీమణులారా, దుకాణం మీద ఇల్లు కట్టుకుని, ఇంటి పక్కన మసీదు, మందిరం, బడి నిలుపుకుని, నడిచి చేరగల దూరాలలో జీవించిన తరాలవారు మనకు ఒక విలువైన వాడను అప్పగించారు. దానికి ఇప్పుడు గాలి కావాలి, రెండో దారి కావాలి, హక్కుపత్రం కావాలి. ఈ మూడూ చేర్చకుండా దాన్ని పాతదని కూల్చడానికి వచ్చేవారిని అడ్డుకోవాలి. పాతదని అలాగే వదిలేయమనేవారిని కూడా అడ్డుకోవాలి. వార్డు సమావేశానికి, బహిరంగ విచారణకు ఈసారి మన ఇళ్లనుంచి ఇద్దరు చొప్పున వెళ్లాలి. ఆ ఇద్దరిలో ఒకరు మహిళ కావాలి. ఇంటి లోపల ఎక్కడ పొగ నిండుతుందో, ఎక్కడ వెలుతురు చాలదో అందరికంటే ముందు తెలిసేది ఆమెకే.